తిరిగివ్వని నడక

ఉలిగప్ప కాలికి ఏ జబ్బూ లేదు. ఎముక విరగలేదు, నరం పట్టలేదు, పుట్టుకతో వచ్చిన అవిటితనం అసలే కాదు. ఈ మాట సిరవారలో ఎవరికైనా చెప్పి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూసి నవ్వుతారు. కాలవ నీళ్లొచ్చాక కోస్తా నుంచి వచ్చి పొలాలు కొన్నవాళ్లకు అతను కుంటి ఉలిగప్పే. ట్రాక్టరు మీద వచ్చేవాడు కూడా బండి ఆపి, "నిదానంగా దాటవయ్యా, తొందరేముంది" అంటాడు. ఉలిగప్ప తల వంచుకుని ఎడమ కాలు ఈడ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఈడ్చి రోడ్డు దాటుతాడు. ఆ కుంటు అతనిది కాదు. చచ్చిపోయిన ఒక మనిషిది.

అతను పుట్టింది చంద్రబండ దగ్గర ఒక చిన్న పల్లెలో. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి చెన్నవ్వ ఊరి పెద్ద మహదేవప్ప గౌడ చేలల్లో కూలికి పోయేది, కొడుకు వాళ్ల గొడ్లు కాసేవాడు. మీసాలొచ్చే వయసుకు కూడా పిలిస్తే పలకడు, తిడితే ఉలకడు. మొద్దు అని పేరు పెట్టి ఊరు అతన్ని మరిచిపోయింది. అలాగే మరిచిపోయి ఉంటే బాగుండేదని చెన్నవ్వ తర్వాత ఎన్నోసార్లు ఏడ్చింది.

అవి తుంగభద్ర ఎడమ కాలవ తవ్వుతున్న రోజులు. వానలు ముఖం చాటేస్తే పల్లెలో పొయ్యి వెలగడానికి కాలవ పని ఒక్కటే దిక్కు. సిరవార వైపు తవ్వకానికి మనుషుల్ని పంపే గుత్త మహదేవప్పది. ఎవరు బండి ఎక్కాలి, ఎవరు ఇంట్లో పస్తుండాలి అన్నది ఆయన నోటిమాట. పడుచుతనంలో గుర్రం మీద నుంచి పడి ఆయన ఎడమ కాలు చెడింది. కాలు ఈడ్చేవాడు, ఆగేవాడు, కుడిచేత్తో తొడ నొక్కుకుని మళ్లీ ఈడ్చేవాడు. సందులో ఆ చప్పుడు వినబడితే దంచే రోకళ్లు ఆగిపోయేవి. ఆయన ఎవరి గడప ముందు నిలబడతాడా అని ఇళ్లలో ఊపిరి బిగబట్టేవారు.

జొన్న కోతలయ్యాక కుర్రాళ్లంతా కలిసి బైలాట అనే వీధినాటకం నేర్పే మేష్ట్రును పిలిపించుకోవడం ఆ వైపు ఊళ్లలో మామూలే. కళ్లంలో పందిరి వేసుకుని పాటా ఆటా నేర్చుకుంటారు, జాతరకు తెల్లవార్లూ ఆడతారు. ఆ ఏడు గద్వాల దిక్కు నుంచి వీరభద్రయ్య వచ్చాడు. బక్క మనిషి. మాసిన హార్మోనియం, ముక్కుపొడుం డబ్బీ, ముక్కు మీదే కోపం. సాయంత్రం గుగ్గిళ్లు పెడతారని విని చెన్నవ్వే కొడుకును పందిరికి తోలింది. అక్కడ అప్పటికే కుర్రాళ్లు నాకు రాజు వేషమంటే నాకు రాజు వేషమని కొట్లాడుకుంటున్నారు. మేష్ట్రు హార్మోనియం మూత కూడా తీయలేదు.

"వేషం తర్వాత, మాట తర్వాత. ముందుగాల నడక తేండ్రి," అన్నాడు.

"యాడికెళ్లి తెచ్చేది మేష్ట్రూ?"

"ఊర్లకెళ్లి! ఒక్కొక్కడు ఒక్క మనిషిని పట్టుకోండ్రి. ఆ మనిషి ఎట్ల నడుస్తడు, ఎందుకట్ల నడుస్తడు, నడిచేటప్పుడు కడుపుల ఏమున్నది, అన్ని చూసి రాండ్రి. మీరీడ నడిస్తే మిగిలినోళ్లు పేరు చెప్పాలె. చెప్పకపోతే మళ్ల పోవాలె."

కుర్రాళ్లు పూజారి నడక తెచ్చారు, చాకలామె నడక తెచ్చారు, తాగి ఇంటికొచ్చే మామ నడక తెచ్చారు. పందిరి కింద నవ్వులే నవ్వులు. ఉలిగప్ప వంతు వచ్చింది. అతను నెత్తి మీద గంప ఉన్నట్టు చెయ్యెత్తి పట్టుకుని నడిచాడు. మెడ బిగించి, మోకాళ్లు వంచి, నిండు బరువు మోస్తున్నట్టు నడిచి వచ్చి, గంప కింద పెట్టి, అందులోకి చూసి ఊరుకున్నాడు. గంపలో ఏమీ లేదు. గౌడ వాకిట్లో గింజలు అడిగి లేదనిపించుకున్న చెన్నవ్వ, ఇరుగుపొరుగు చూస్తారని ఖాళీ గంపను నిండుగంపలా మోసుకుంటూ ఇంటికి వచ్చే నడక అది. అందరికీ తెలిసింది. పేరు మాత్రం ఎవరూ పైకి చెప్పలేదు, ఎవరూ నవ్వలేదు.

మేష్ట్రు పొడుం డబ్బీ మూసి, "ఇప్పుడు ఈ నడకను ఒక రాణికి పెట్టు," అన్నాడు.

ఉలిగప్ప మళ్లీ నడిచాడు. నెత్తి మీద గంప లేదు, కిరీటం ఉంది. నడక అదే. రాజ్యం పోగొట్టుకుని, ఆ సంగతి దాసీలకు తెలియనివ్వకుండా నడిచే రాణి వాళ్ల కళ్లముందు కనబడింది.

"నీకెవరు చెప్పిన్రురా గిట్ల?"

"మీరే పెట్టమంటిరి గద మేష్ట్రూ."

ఆ రోజుతో మొద్దు ఉలిగప్ప పోయాడు. రోజూ చూసిన మనుషులే అతనికి కొత్తగా కనబడసాగారు. గొడ్ల వెంట తిరుగుతూ తనలో తానే మాటలు కట్టేవాడు. ఈ మనిషి నడకను ఆ మనిషికి పెడితే ఏమవుతుందని చూసేవాడు. బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటే, ఒకరికి మరొకరి నడక నడిచి చూపించి ఇద్దరినీ నవ్వించి ఇంటికి పంపాడు. వాడి లోపల ఇన్నేళ్లూ ఇంత ఉందా అని ఊరు నోరు తెరిచింది. ఉన్నదాన్ని బయటికి పిలిచినవాడు వీరభద్రయ్య. ఆ పుణ్యం ఆయనదే, తర్వాత జరిగిన దాంట్లో పాపం కూడా కొంత ఆయనదే.

ఎందుకంటే మేష్ట్రుకు ఒక ఆచారం ఉండేది. ఆట ముగిసిన మర్నాడు ప్రతి ఒక్కడూ తాను తెచ్చిన నడకను ఆ మనిషికి తిరిగి అప్పజెప్పాలి. చేతిలో ఆకూ వక్కా, బెల్లం ముక్క పట్టుకుని వాళ్ల నడకతోనే వాళ్ల గడప దాకా పోవాలి. "నీది నీకే" అని బెల్లం ఇచ్చి, దండం పెట్టి, తన నడకతో వెనక్కి రావాలి. "ఉంచుకున్నరో, నడక దిగదు. ఇచ్చినోడికి మంచిది గాదు, తెచ్చినోడికి మంచిది గాదు," అనేవాడు. ఆయనకు ఆయన గురువు చెప్పాడట. ఎందుకని ఆయనా అడగలేదు.

ఆ ఏటి ఆట, ఏరును కట్టేసిన రాజు కథ. ఏటికి అడ్డంగా గోడ కట్టించి, నీళ్లన్నీ తన తోటలకే తిప్పుకున్న రాజు చివరికి ఎవరో వేసిన బాణానికి చస్తాడు. రాజు వేషం ఉలిగప్పకే వచ్చింది. జాతర దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం అతను మేష్ట్రు పక్కన చతికిలబడ్డాడు.

"బాణం ఎవరైనా ఏస్తరు మేష్ట్రూ. కట్టేస్తే కోపమొచ్చింది ఏటికి గద. అది ఊకెందుకుంటది?"

"ఏం చేస్తదిరా ఏరు?"

"రాజు కాళ్లు అడుగుతది. నన్ను ఆపితివి, ఇగ నువ్వూ ఆగు అంటది. ముందుగాల ఒక్క కాలు పోతది. ఈడ్వబోతడు, రాదు. ఇట్ల." లేచి చూపించాడు. ఎడమ కాలు ఈడ్చాడు, ఆగాడు, కుడిచేత్తో తొడ నొక్కుకున్నాడు.

వీరభద్రయ్య చుట్టూ చూశాడు. పందిరి కింద ఇంకెవరూ లేరు. "ఇది ఎవరిదో నాకు మాలూమేరా. ఆయనకు మాలూమయితే ఊకుంటడా?"

"కిరీటం పెట్టుకున్నంక గౌడ్రు యాడుంటడు మేష్ట్రూ? రాజే ఉంటడు."

ఆ అమాయకత్వం చూసి మేష్ట్రు భయపడ్డాడు. వద్దు అనాల్సింది అక్కడే. ఆయన అనలేదు. ఎన్నో ఊళ్లు తిరిగి ఎందరికో నేర్పాడు, నేర్పింది నేర్పినట్టు చేసినవాళ్లే అందరూ. నేర్పనిది చేసి చూపించినవాడు ముసలితనానికి దొరికాడు. "ఇది నాది గాదు, నీదేరా," అని మాత్రం అన్నాడు. ఆ విద్య మీది ఆశ ఆయన్ని వద్దననివ్వలేదు.

జాతర ఆట తూర్పు తెల్లబడే వేళకు చివరి ఘట్టానికి వచ్చింది. ముందు వరసలో కుర్చీ మీద మహదేవప్ప, పక్కన తమ్ముడు బసవప్ప. రాజు ఎడమ కాలు ఈడుస్తూ వచ్చాడు. జనంలో ఎవరో కిసుక్కుమని, వెంటనే నోరు మూసుకున్నారు. తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. అది వెక్కిరింపు కాదు. పడిపోతానేమోనన్న భయాన్ని లోపల దాచుకుని ఊరిని భయపెట్టే మనిషి నడక అది. ఇన్నేళ్లు చప్పుడు విన్నారే తప్ప ఆ భయాన్ని ఎవరూ చూడలేదు. ఆటలో ఏరు కాళ్లు అడిగింది. రాజు కాలు ఈడ్వబోయాడు, రాలేదు. రెండు చేతులా తొడ పట్టుకుని లాగాడు, రాలేదు. నిలువునా కూలాడు. మహదేవప్ప కుర్చీలోంచి లేచి, ఎవరి వంకా చూడకుండా ఇంటిదారి పట్టాడు.

మర్నాడు కుర్రాళ్లు నవ్వుకుంటూ ఇల్లిల్లూ తిరిగి నడకలు అప్పజెప్పి వచ్చారు. ఉలిగప్ప కూడా బెల్లం పట్టుకుని గౌడ వీధి మలుపు దాకా పోయాడు. అక్కడ కాళ్లు ముందుకు పడలేదు. ఆయన గడపకు కుంటుకుంటూ పోయి ఇదిగో నీది అని ఇవ్వడమంటే, తీసుకున్నది నేనే అని ఒప్పుకున్నట్టే కదా. వెనక్కి వచ్చి బెల్లం ముక్క తల్లికిచ్చాడు. ఆ పొద్దుటికే గౌడ బండి కట్టించుకుని కాలవ పనికి పోయాడని తెలిసి, "వచ్చినంక ఇస్త," అనుకుని ప్రాణం కుదుటపరచుకున్నాడు. వీరభద్రయ్య హార్మోనియం నెత్తికెత్తుకుని పోతూ, "మర్సిపోకురా. ఉంచుకునేది గాదది," అని రెండుసార్లు చెప్పి పోయాడు.

మహదేవప్ప వచ్చాడు, బండిలో పడుకుని వచ్చాడు. కాలవ గట్టు మీద నడుస్తుంటే ఎడమ కాలు పడిపోయిందట. మూతి వంకరపోయింది, మాట ముద్దయింది. బండి వీధిలోంచి పోతుంటే జనం ఆయన వంక చూడలేదు. ఉలిగప్ప వంక చూశారు.

బసవప్ప మనుషులు పట్టపగలే వచ్చి అతన్ని తీసుకుపోయారు. వెనకాల చెన్నవ్వ గుండెలు బాదుకుంటూ పరుగెత్తింది. గౌడ ఇంటి ముందరి పడసాలలో మంచం మీద మహదేవప్ప, తలాపున ఆయన తల్లి నింగమ్మ. ముసలామెకు రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. 

"ఇయ్యిరా," అన్నాడు బసవప్ప. "యాడ దాసుకున్నవో తియ్యి. మా అన్నది మా అన్నకియ్యి."

ఉలిగప్ప చేతిలో ఎవరో బెల్లం పెట్టారు. అతను వాకిట్లోంచి మంచం దాకా కుంటుకుంటూ నడిచాడు. "నీది నీకే గౌడ్రూ," అన్నాడు. దండం పెట్టి, తన మామూలు నడకతో గడప దాకా పోయి తిరిగి చూశాడు. మంచం మీద కాలు కదల్లేదు. మహదేవప్ప కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి. వంకరపోయిన నోటితో ఒకే మాట అన్నాడు.

"మళ్ల."

ఉలిగప్ప తిరిగి నడిచాడు. మళ్ల అన్నాడు ఆయన. ఇవ్వడానికి ఇతను నడుస్తున్నాడు, తనను తాను చూసుకోవడానికి ఆయన అడుగుతున్నాడు. పొద్దు గూకే దాకా నడిపించారు. ఆ నెల తిరక్కుండానే మహదేవప్ప పోయాడు.

దినాలు కాగానే బసవప్ప గొడ్డలి కామ కర్ర పట్టుకుని చెన్నవ్వ గుడిసె ముందు నిలబడ్డాడు. "మా అన్న కాళ్లు తిన్నవ్. నీ కాళ్లెందుకుండాలె?"

అతన్ని ఆపింది నింగమ్మ. గోడలు తడుముకుంటూ కొడుకు వెంట వచ్చింది. "ఇరగ్గొట్టకురా బసవా," అన్నది. "నా కొడుకు అడుగు వాని కాళ్లల్ల ఉన్నది. ఇరగ్గొడితే నాకెట్ల ఇనొస్తది? దీపాలు పెట్టే యాళకు రోజు వచ్చి పడసాలల నడిసిపొమ్మను. అంతే సాలు నాకు."

బసవప్ప కామ దించాడు కానీ కోపం దించలేదు. "ఇన్నవ్ గద. ఆ నడక మా ఇంటిది. ఇంకో వేషం కట్టినవంటే, బయట ఇంకో తీరుగ నడిచినవంటే, కాళ్లుండవ్."

కబురు తెలిసి వీరభద్రయ్య చంద్రబండ దాకా వచ్చి, ఊళ్లోకి రావడానికి భయపడి, ఉలిగప్పను పిలిపించుకున్నాడు. చేతులు పట్టుకుని, "రోజు ఏస్తే దిగదురా. తల్లిని తీసుకుని రాత్రికి రాత్రే ఊరిడిసి పో. నీ అసుంటోడు నాకు మళ్ల దొరకడు," అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఎక్కడికి పోతాడు? గుడిసె గౌడ వాళ్లది, కూలి వాళ్లది, తాగే బావి వాళ్లది. కొన్నాళ్లు నడిస్తే ముసలామె పోతుందిలే అనుకున్నాడు ఉలిగప్ప. అదే అతని లెక్క.

ముసలామె పోలేదు. కాలవకు నీళ్లొచ్చాయి, బసవప్ప సిరవారలో మాగాణి కొని ఇల్లు అక్కడికి మార్చాడు, నింగమ్మ కోసం ఉలిగప్పనూ చెన్నవ్వనూ వెంట తెచ్చుకున్నాడు. కొత్త ఊళ్లో అతను కుంటివాడిగానే దిగాడు, కుంటివాడిగానే పెళ్లి చేసుకున్నాడు. దీపాల వేళకు పడసాలలో అటూ ఇటూ నడిచేవాడు. చీకటి కళ్లతో ముసలామె చెవి ఒగ్గి వినేది, ఒక్కోసారి "మహదేవా, తిన్నవా?" అని అడిగేది. మొదట్లో అతను జవాబు చెప్పేవాడు కాదు. తర్వాత "తిన్ననవ్వా" అనడం అలవాటైంది. వరి కోతలయ్యాక కోస్తావాళ్లు స్టేజీ కట్టి నాటకాలాడితే, అందరూ చూస్తుంటే అతను ఇంట్లో తలుపేసుకుని కూర్చునేవాడు. ఇంకొకరి నడక చూస్తే కాళ్లు ఊరుకోవని అతని భయం. కొన్నేళ్లకు ఆ భయమూ పోయింది. ఎవరి నడక చూసినా కాళ్లకు ఏమీ అనిపించలేదు. అప్పుడు మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాడు.

నింగమ్మ పోయిననాడు పాడె వెంట కుంటుతూ పోయి, కుంటుతూ వచ్చాడు. బసవప్ప అప్పటికి ముసలివాడై, ట్రాక్టర్లూ మిల్లు బియ్యం ధరల గొడవలో పడి, పాత పగలు మరిచిపోయాడు. "ఇగ నీ ఇష్టం పో," అన్నాడు, అదేదో చిన్న సంగతన్నట్టు.

ఉలిగప్ప ఇంటికి వచ్చి వాకిలి మధ్యలో నిలబడ్డాడు. ఇక మామూలుగా నడవవచ్చు. ఏ కాలు ముందు వేయాలో తోచలేదు. కుడి కాలు వేశాడు, ఎడమది దానంతటదే ఈడ్చుకుంటూ వచ్చింది. తప్పు సరిదిద్దుకుని మళ్లీ వేశాడు. అది ఎవరో సిపాయి నడకలా ఉంది, తనది కాదు.

అరుగు మీద చెన్నవ్వ కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. "అవ్వా," అన్నాడు, "నేనెట్ల నడుస్తుంటి?"

ఆమె చెయ్యి ఆగింది. కొడుకు కాళ్ల వంక చూసింది. "ఏమో కొడుకా. ఊరందర్ని నువ్వు జూస్తివి. నిన్నెవరు జూసిన్రు? నేను కూడ సూడకపోతి," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడే సందులోంచి చప్పుడు వచ్చింది. ఈడ్పు, ఆగడం, మళ్లీ ఈడ్పు. ఇద్దరూ అటు తిరిగారు. దడి పక్కనుంచి ఉలిగప్ప కూతురు మారెవ్వ వచ్చింది, భుజాన బడి సంచి. ఎడమ కాలు ఈడ్చి, ఆగి, కుడిచేత్తో తొడ నొక్కుకుని, తల ఎత్తి వాకిట్లోకి చూసింది. ఆ చూపు కూడా మహదేవప్పదే. పడిపోతానన్న భయాన్ని దాచుకుని ఎదుటివాళ్లను భయపెట్టే ఆ చూపు ఇంకా తన ముఖంలో ఉందని ఉలిగప్పకు ఆ క్షణం దాకా తెలియదు.

"బడిల సారు ఆట నేర్పిస్తున్నడు నాయినా!" మారెవ్వ ముఖం వెలిగిపోతోంది. "ఇంట్లోళ్లది ఎవరిదైన నడిచి చూపియ్యమన్నడు. నేను నీది నడిచిన. అందరు చప్పట్లే చప్పట్లు! నాకే రాజు వేషమన్నడు సారు."

కూతురికి ఆ విద్య వచ్చిందని అతనికి ఒక్క క్షణం గుండె పొంగింది. మరుక్షణం మేష్ట్రు చెప్పిన మాట గుర్తొచ్చింది. కాలు ఈడ్చుకుంటూనే గబగబా ఇంట్లోకి పోయి బెల్లం ముక్క తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు.

"అప్పజెప్పు బిడ్డా. ఇప్పుడే అప్పజెప్పు. నీది నీకే అని చెప్పి, నీ నడకతోని ఎన్కకు పో. ఉంచుకునేది గాదది."

"నీకియ్యాల్నా?"

ఉలిగప్ప చెయ్యి చాచబోయి ఆగాడు. తీసుకుంటే అది తన దగ్గరే ఉండిపోతుంది. తీసుకోకపోతే పిల్ల దగ్గర ఉండిపోతుంది. "నాది గాదమ్మా అది," అన్నాడు.

"మరి ఎవరికియ్యాలె?"

ఉలిగప్ప తల్లి వంక చూశాడు. చెన్నవ్వ తల తిప్పుకుని చాటలోకి చూసింది. చేతిలో బెల్లం కరిగి వేళ్లకు అంటుకుంటుంటే మారెవ్వ నోట్లో వేసుకుని, ఆడుకోవడానికి వీధిలోకి నడిచింది. వాకిలి దాటేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఈడ్చింది, ఆగింది, మళ్లీ ఈడ్చింది. ఆటకు చేసిందో, తెలియకుండానే చేసిందో ఉలిగప్పకు తెలియలేదు.